నాలుగు నిలువుల నీళ్లకు ఒక వాచీ

విజయవాడ వెళ్లేవాళ్లు కొండ మీద దర్శనం చేసుకుని, బ్యారేజీ దగ్గర ఫొటో దిగి, ఎవరికైనా పచ్చళ్లు కొనుక్కుని వస్తారు. నేను వెళ్లింది వాచీ కొనడానికి. నీళ్లలోకి మునిగేవాళ్లు చేతికి పెట్టుకునే వాచీ, షోరూముల్లో అద్దాల పెట్టెలో చిన్న దిండు మీద పడుకోబెట్టి ఉంచే రకం. నాకు ఈత రాదు. మాది అనంతపురం. బోరు వేస్తే ఎక్కడ నీళ్లు పడతాయో చూసే ప్రభుత్వోద్యోగం ముప్ఫై ఏళ్లు చేశాను. నాకు తెలిసిన నీళ్లన్నీ వందల అడుగుల కింద, కంటికి కనపడకుండా ఉండేవి. కళ్లెదుట నిండుగా ఉన్న నీళ్లను చూస్తే ఇప్పటికీ రెండడుగులు వెనక్కి వేస్తాను.

ఎందుకు వెళ్లానో ముందే చెప్పడం మంచిది.

మూడేళ్ల కిందట మా అన్న అస్థికలు కలపడానికి కృష్ణకు వెళ్లాను. పాచి మెట్టు మీద కాలు జారి లోతులోకి పోయాను. ఘాట్‌లో ఉండే గజ ఈతగాడు ఒకడు, జక్రయ్య, దూకి నా జుట్టు పట్టి బయటకు లాగాడు. ఊపిరి కుదుటపడ్డాక నేను మొట్టమొదట చూసుకున్నది నా ఎడమ మణికట్టు. దాని మీద వాచీ లేదు. ఉద్యోగంలో పాతికేళ్లు నిండినప్పుడు కొనుక్కున్న ఖరీదైన వాచీ అది. "వీడే తీశాడు" అన్నాను. దగ్గర్లో ఉన్న పోలీసులకూ అదే చెప్పి, కాగితం మీద సంతకం పెట్టి, సాయంత్రం రైలెక్కాను.

పదకొండు నెలల తర్వాత వాచీ మా పెరట్లోనే దొరికింది. ఆ రోజు పిండం పెట్టే ముందు పురోహితుడు తోలు వస్తువులు తీసేయమన్నాడు. నా వాచీకి తోలు పట్టీ. తీసి నువ్వుల పొట్లం ఉన్న సంచిలో పడేశాను. కర్మ తాలూకు సంచి మైల అని మా ఆవిడ దాన్ని ఇంట్లోకి రానివ్వలేదు, పెరటి గోడకున్న మేకుకు తగిలించింది. ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఎండకు చివికి అది తెగిపడిన రోజు, పురుగు పట్టిన నువ్వుల మధ్య వాచీ కనపడింది.

ఆ రోజే చెప్పి ఉండాల్సింది. బీరువాలో పంచెల కింద దాచాను. అప్పటికే ఆ సంగతి మా ఇంట్లో నవ్వుకునే కథ అయిపోయింది. "ప్రాణం ఇచ్చి వాచీ పుచ్చుకున్నాడు" అన్న మాట నేనే కల్పించాను. ఈ ఏడాది నా రిటైర్మెంట్ భోజనాల్లో మా అమ్మాయి అదే మాట చెప్పి యాభై మందిని నవ్వించింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత విస్తరి మడిచేసి లేచాను. ఆ వారమే ప్రయాణం పెట్టుకున్నాను. ఆయనకు మంచి వాచీ ఒకటి కొనిచ్చి, క్షమించమని అడిగి రావాలి. అది ఒక పూట పని అనుకున్నాను.

గవర్నర్‌పేట

బస దిగిన లాడ్జి పక్క సందులో ఒక చిన్న హోటలుంది. నాలుగు ఇడ్లీలు నలభై రూపాయలు. వాటి మీద కారప్పొడి, ఆ పొడి మీద అడక్కుండానే నెయ్యి. అల్లం పచ్చడి విడిగా గిన్నెలో పెడతారు. మా ఊళ్లో పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినే నోటికి కూడా ఆ కారం గట్టిగానే తగిలింది. నేను నీళ్ల గ్లాసు కోసం తడుముకుంటుంటే వడ్డించే ఆయన, "పచ్చడి మీద ఇంకో ఇడ్లీ తినండి, సర్దుకుంటది" అన్నాడు. ఇక్కడ మంటకు మందు ఇంకో ఇడ్లీ.

వాచీల షాపులో ఏసీ చలికి చెమట చొక్కా వీపుకు అతుక్కుంది. చేతులకు తెల్లటి తొడుగులు వేసుకున్న అమ్మాయి మూడు వాచీలు నా ముందు పెట్టింది.

"డైవింగ్ ఎక్కడ చేస్తారండీ? అండమానా?"

"నాకు కాదమ్మా. తెలిసినాయనకు."

"లక్కీ అండీ ఆయన. ఇది రెండు వందల మీటర్ల లోతు వరకు తట్టుకుంటుంది. ఈ కీ చూడండి, మరలాగా బిగించాలి. బిగించకపోతే బకెట్ నీళ్లలో కూడా పాడవుతుంది." తర్వాత గొంతు తగ్గించి, "కొనేవాళ్లలో ఈత వచ్చినవాళ్లు తక్కువేనండీ" అని నవ్వింది.

మొదటిది నీలం రంగుది, అందంగా ఉంది కానీ అంకెలు చిన్నవి. రెండోది బంగారు రంగు, చూడగానే భయం వేసింది. మూడోదానికి నల్లటి ముఖం, లావు ముళ్లు, ఉక్కు పట్టీ. దీనికే తోలు పట్టీ కూడా వస్తుందని ఆ అమ్మాయి చెప్పబోతుంటే "తోలు వద్దు" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినపడింది. మూలన కూర్చుని వాచీలు బాగుచేసే పెద్దాయన కంటి అద్దం తీసి నా వంక చూశాడు.

వాచీ ముఖం చుట్టూ ఒక వలయం ఉంది. మునిగే ముందు దాని మీది చుక్కను నిమిషాల ముల్లుకు ఎదురుగా తిప్పితే, ఎంతసేపు లోపల ఉన్నారో తెలుస్తుందట. నేను తిప్పి చూశాను. ఎడమకు టిక్కు టిక్కుమని తిరిగింది కానీ కుడికి కదల్లేదు.

"చెడిపోయిందా?"

మూలనున్న పెద్దాయనే జవాబు చెప్పాడు. "చెడిపోలేదండీ. దాన్ని అట్టాగే చేస్తారు. నీళ్లలో దేనికన్నా తగిలి జరిగిందనుకోండి, ఉన్న టైము కంటే ఎక్కువ అయినట్టు చూపించాలి గానీ తక్కువ అయినట్టు చూపించకూడదు. ఎక్కువైతే మనిషి ముందే పైకొచ్చేస్తాడు. తక్కువ చూపిస్తే అక్కడే ఉండిపోతాడు. పొరపాటు జరిగినా సరే, మనిషి ప్రాణం వైపే జరగాలని."

అదే కొన్నాను. మేడ మీద ఒక గది వేద్దామని దాచుకున్నదాంట్లో సగం పోయింది.

ఘాట్

మూడేళ్ల కిందటి ఘాట్‌కే వెళ్లాను కానీ పై మెట్టు దగ్గరే ఆగిపోయాను. కింద కృష్ణ నిండుగా ఉంది. నీలం పట్టా నీడలో ఒక ముసలాయన కూర్చుని తాడు చుట్టలు చుడుతున్నాడు. ఏడుకొండలు ఆయన పేరు. ఈతగాళ్లలో పెద్ద, ఎవరు ఎప్పుడు కాపలా ఉండాలో వంతులు వేసేది ఆయనే.

అప్పుడే ఒకామె స్నానం చేస్తుంటే చెవి జూకా నీళ్లలో పడిపోయిందట. ఒక ఈతగాడు మునిగి పైకొచ్చి, కళ్ల మీద నీళ్లు కూడా తుడుచుకోకుండా రెండు అరచేతులూ ఆమె వైపు చాచి చూపించాడు.

"దొరకలేదని చెబుతున్నాడా?" అని అడిగాను.

"దొరికినా అంతేనండి," అన్నాడు ఏడుకొండలు. "మనిషిని తెచ్చినా, శవాన్ని తెచ్చినా, ముందు గట్టు మీదోళ్లకి చేతులు చూపించాలి. మొహం తుడుచుకునేది ఆ తర్వాతే. శవాల ఒంటి మీద బంగారం ఉంటదండి. ఏడుస్తా ఉన్నోళ్లు అయ్యన్నీ చూసుకుంటారా? మా చేతుల్నే నమ్మాలి. ఈ పనికి ఈతొక్కటే చాలదండి."

నాకు గుర్తొచ్చింది. ఆ రోజు నేను మెట్ల మీద నీళ్లు కక్కుతుంటే, నల్లటి మనిషి ఒకడు నా ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ చాచాడు. డబ్బు అడుగుతున్నాడనుకున్నాను.

"జక్రయ్య అని ఒకాయన ఉండల్ల ఇక్కడ. యాడుంటాడు?" అన్నాను. ఎందుకని అడిగితే బీమా పని మీద వచ్చానని అబద్ధం చెప్పాను.

"ఇక్కడ లేడండి. వాడు చూపించిన చేతుల్ని ఒకాయన నమ్మలేదు. వాచీ పోయిందన్నాడు. పోలీసులు రెండ్రోజులకి వదిలేశారు గానీ, పేరు పోయినోణ్ణి వంతుల్లో ఎట్టా ఉంచుతామండీ? ఎవరి బిడ్డనో పైకి తెస్తాడు, ఆళ్లకి అనుమానం వస్తది."

"తీశాడని మీరూ అనుకున్నారా?"

"మేమనుకోలేదు. తీయలేదని ఎవరన్నా చెప్పాలి గదా. చెప్పాల్సినాయన రైలెక్కేశాడు." ఆయన తాడు చుట్టడం ఆపి నన్ను కాసేపు చూశాడు. "ఆయనా సీమాయనేనండి. అచ్చం మీలాగే మాట్లాడేవాడు."

నా చొక్కా జేబులో కొత్త వాచీ, చేతి సంచి అడుగున పాత వాచీ ఉన్నాయి. ఆ క్షణంలో ఎవరైనా నా సంచి వెతికి ఉంటే ఏమై ఉండేదో తెలియదు. నేనే ఆ మనిషినని చెప్పడానికి నోరు తెరిచాను. బయటకు వచ్చింది మాత్రం "అడ్రసు ఏమన్నా తెలుసా" అన్న మాట.

ఆటోనగర్

ఏడుకొండలు చెప్పిన గుర్తులతో మధ్యాహ్నానికి ఆటోనగర్ చేరాను. వీధికొక పని ఉంది: ఒక దాంట్లో కమాను కట్టలు, ఒక దాంట్లో రేడియేటర్లు, ఒక దాంట్లో లారీ బాడీల మీద పువ్వులూ నెమళ్లూ వేసే పెయింటర్లు. షెడ్డు యజమాని కోటేశ్వరరావు గారు నాకు టీ తెప్పించి, రేకు కుర్చీని గుడ్డతో తుడిచి మరీ వేశారు. మా వైపు ఆఫీసుకొచ్చిన మనిషిని నిలబెట్టే మాట్లాడతాం. నేనైతే రైతులను అలాగే నిలబెట్టేవాణ్ణి.

"జక్రయ్యా? ఏడాదిన్నర లారీలు కడిగాడండి మా దగ్గర. నదిలో ఉండాల్సినోడికి నీళ్ల పైపు ఇచ్చాం, ఏం చేస్తాం. క్లీనర్లు ఊరుకునేవాళ్లు కాదు. 'జక్రయ్యా, క్యాబిన్‌లో నా వాచీ ఉంది, జాగ్రత్త' అని ఎగతాళి. ఒకరోజు పైపు కింద పెట్టి వెళ్లిపోయాడు. నాగాయలంకలో బామ్మర్దులు ఉన్నారు, అక్కడ వలలు తీసే పని చేస్తన్నాడని విన్నాను." ఆయన టీ ఊదుకుంటూ అడిగారు, "బీమా అంటే, ఆయనకేమన్నా వస్తదా అండీ?"

"రావాల్సింది ఉందండీ" అన్నాను. ఆ రోజు మొత్తం మీద నేను చెప్పిన నిజం అదొక్కటే.

కాలువ వెంట

మర్నాడు పొద్దున అవనిగడ్డ బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది, దొరక్కపోయినా బాగుండేది. రోడ్డు పక్కనే కాలువ, ఊళ్లకు ఊళ్లు దాటినా వదలదు. ఎదురుగా లారీ వస్తే బస్సు కాలువ వైపు ఒరుగుతుంది. అలా ఒరిగినప్పుడల్లా నేను ముందు సీటు కడ్డీ పట్టుకున్నాను. పక్కన కూర్చున్న మామ్మగారు ఒళ్లో జామకాయల బుట్టతో హాయిగా కునుకు తీస్తోంది. మెలకువ వచ్చినప్పుడు నా చేతులు చూసి, "కొత్తా బాబూ? ఈ కాలువ ఏమీ చెయ్యదులే" అని ఒక జామకాయ చేతిలో పెట్టింది. ఎంతమ్మా అని అడిగితే ఆమె ముఖం చిన్నబోయింది. ఇచ్చినదానికి ధర అడగకూడదని నాకు తోచలేదు.

మా వైపు రెండు వర్షాల మధ్య దూరాన్ని నెలల్లో లెక్కపెడతాం. ఇక్కడ ఇంటి ముందుకు పంటకాలువ, దాని మీద నాపరాయి పలక, పలక మీద నిలబడి పళ్లు తోముకునే మనిషి. నీళ్ల మీద ఇంత నమ్మకంగా బతికేవాళ్ల దగ్గరకు వెళ్లి, నేను వాళ్లలో ఒకణ్ణి నీళ్లకు దూరం చేశానని చెప్పాలి. అవనిగడ్డలో బస్సు మారేటప్పుడు వెనక్కి వెళ్లే బస్సు పక్కనే సిద్ధంగా ఉంది. దాని మెట్టు మీద ఒక కాలు కూడా పెట్టాను.

నాగాయలంక

రేవు దగ్గర వెతకాల్సిన పని పడలేదు. పడవలో వలల మీద కూర్చున్న ఒకామె నన్ను చూసి లేచి నిలబడింది. అప్పట్లో పోలీసుల దగ్గర గుమ్మం బయట ఏడుస్తూ నిలబడినామె. జక్రయ్య భార్య, సువార్త.

"మళ్లీ ఏం పోయిందండీ?" అంది.

జక్రయ్య పడవ అవతలి వైపు నుంచి తల ఎత్తాడు. మనిషి సన్నబడ్డాడు. "వాచీ సారు" అన్నాడు, కోపం లేకుండా, మనిషిని గుర్తుపట్టినట్టు. వాళ్లింట్లో నా పేరు అదేనని అప్పుడు తెలిసింది.

"మాట్లాడల్లని వచ్చినా" అన్నాను.

"పోటు వస్తందండి. వల అడుగునున్న చెట్టు మోడుకి పట్టేసింది, ఇప్పుడు తీయకపోతే చిరిగిపోద్ది. మాట్లాడాలంటే పడవెక్కండి."

ఎక్కాను. ఎలా ఎక్కానో నాకు తెలియదు. రెండు చేతులతో పడవ అంచు పట్టుకుని, కళ్లు పలకల మీదే పెట్టి కూర్చున్నాను. ఒడ్డు దూరమవుతుంటే మూడేళ్ల కిందటి నీళ్ల రుచి నోట్లోకి వచ్చింది. అక్కడ నది చాలా వెడల్పు, నీళ్లు మట్టి రంగు, కొద్దిగా ఉప్పన.

జక్రయ్య నడుముకు తాడు కట్టుకుని మునిగాడు. తాడు రెండో కొస సువార్త చేతిలో ఉంది. ఆమె పెదవులు కదులుతున్నాయి. మూడు ప్రార్థనలు చెప్పుకుంటే ఒక మునక. మూడోది పూర్తయ్యేలోగా తాడు కదలకపోతే లాగేయాలి. నేను కొత్త వాచీ తీసి వలయం తిప్పి చుక్క సరిచేశాను, చేతులకు ఏదో ఒక పని ఉండాలని. ఒక నిమిషం పది సెకన్లకు ఆయన తల పైకొచ్చింది.

ఆయన ఊపిరి తీసుకుంటుండగా చెప్పేశాను. సంచిలోంచి పాత వాచీ తీసి చూపించాను. తోలు పట్టీ, నువ్వుల పొట్లం, పెరటి మేకు, పదకొండు నెలలు, ఆ తర్వాత నోరు మూసుకున్న రెండేళ్లు. మా ఇంట్లో నవ్వుకున్న మాట కూడా చెప్పాను. అది చెప్పకుండా వదిలేద్దామని చాలా అనిపించింది. సువార్త చేతిలో తాడు బిగిసింది. జక్రయ్య మళ్లీ మునిగాడు.

ఒక నిమిషం. ఒకటీ ఇరవై. సువార్త మూడో ప్రార్థన అయిపోయింది, ఆమె పెదవులు ఆగాయి. లాగింది. తాడు రాలేదు.

"పట్టండి" అంది.

అంచు వదిలితే పడిపోతాననుకున్నాను. వాచీని పలక మీద పెట్టి, అంచు వదిలి తాడు పట్టాను. తడి తాడు అరచేతుల్ని కోసింది. ఒకటీ నలభై. ఒకటీ యాభై. ఈ మనిషి నా మాట విని కిందికి పోయాడు, పైకి రాకపోతే ఈసారి ఏ కాగితం మీద సంతకం పెట్టాలి అనుకున్నాను. ఇద్దరం కలిసి లాగుతుంటే ఒక్కసారిగా తాడు వదులైంది. ఆయన తల పైకొచ్చింది. ముఖం తుడుచుకోకుండా, ఖాళీ అరచేతులు రెండూ నా వైపు చాచాడు.

నేను ఏడ్చాను. ఆయన చేతులు దించి, రొప్పుతూ అన్నాడు, "మీకు చూపించింది కాదండి. అలవాటు."

పడవలోకి ఎక్కాక చాలాసేపు దగ్గాడు. "కోపంతో మునగకూడదండి. దమ్ము చాలదు. వల తీస్తా తీస్తా మీ గురించే ఆలోచించాను, తాడు మోడుకి చుట్టుకుంది."

కొత్త వాచీ ఆయన ముందు పెట్టాను. రెండు వందల మీటర్ల సంగతి చెప్పాను.

"ఇక్కడ నాలుగు నిలువులు దాటదండి. మిగతా లోతు ఎవరి కోసం?" అన్నాడు. నిలువు అంటే వాళ్ల లెక్కలో నిలబడిన మనిషి ఎత్తు. "లోపల నా చెయ్యే నాకు కనపడదు. టైము చూడాల్సింది పైన తాడు పట్టుకున్నోళ్లు."

అయితే మీరు ఉంచుకోండమ్మా అని సువార్త వైపు జరిపాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"చదువుకున్నోరు, ఇంతమాత్రం తట్టలేదా అండీ? ఇది పెట్టుకుని మేం బెజవాడలో దిగితే ఏమంటారు? అదిగో, ఆ వాచీ ఇదే అంటారు. ఇన్నాళ్లూ దాచి ఇప్పుడు బయటకి తీశారంటారు."

ఉక్కు పట్టీ ఎండకు మెరుస్తోంది. షాపులో గంటసేపు మూడు వాచీలు మార్చి మార్చి చూశాను. అది వేసుకున్న చేతిని లోకం ఎలా చూస్తుందో ఒక్కసారీ ఆలోచించలేదు. మూడేళ్ల కిందటి నింద ఆయన చేతిని వదలకుండా ఉంటే, దాన్నే మెరుగుపెట్టి తెచ్చి ఇచ్చాను.

"ఏం చెయ్యమంటారు?" అన్నాను.

"పోలీసులు ఎప్పుడో వదిలేశారండి. ఘాటే వదల్లేదు," అన్నాడు జక్రయ్య. "మీరు నన్ను దొంగన్నది అక్కడ. నాకిక్కడ చెప్పి ఏం లాభం?"

"ముందు మీ ఇంట్లో చెప్పారా?" అంది సువార్త.

లేదన్నాను. ఆమె గిన్నె మూత తీసి, అన్నం, ఎండు చేపల కూర మూడు వాటాలు చేసింది. మూడోది నాకు. తిన్నాను. ఒడ్డు చేరాక రేవు గట్టు మీద నిలబడి మా అమ్మాయికి ఫోన్ చేశాను. తను అంతా వింది. చివరికి, "మరి మనం అందరం ఆయన్ని చూసి నవ్వాం కదా నాన్నా" అంది.

మళ్లీ ఘాట్

మూడో రోజు పొద్దున ఇడ్లీ తినలేకపోయాను. పై మెట్టు నుంచి కింది మెట్టు వరకు ఇరవై ఆరు మెట్లు, భయంతో లెక్కపెట్టుకుంటూ దిగాను. కొడతారని ఒక భయం. కొట్టకుండా ఊరికే చూస్తారేమోనని ఇంకో భయం, అదే పెద్దది.

ఏడుకొండలు ముందు తోలు పట్టీ వాచీ పెట్టి, "నేను బీమా మనిషిని కాదు. ఆ సీమాయన నేనే" అన్నాను. మొత్తం చెప్పాను. ఆయన తాడు చుట్టడం ఆపలేదు.

"తెలుసండి. మొన్ననే అనుకున్నాను," అన్నాడు. "నాకు చెప్తే చాలదు. ఇక్కడే కూర్చోండి. వంతు దిగినోళ్లు ఒక్కొక్కళ్లూ వస్తారు. ఒక్కొక్కళ్లకీ చెప్పండి."

సాయంత్రం వరకు ఏడుగురికి చెప్పాను. రెండోసారి సులువవుతుందనుకున్నాను, ఏడోసారి కూడా మొదటి మాట దగ్గరే తడబడ్డాను. ఒకడు నీళ్లలోకి ఉమ్మి వెళ్లిపోయాడు. ఒకడు పాత వాచీని చేతిలో తిప్పి చూసి, "దీని కోసమా?" అన్నాడు. ఒకడు "నువ్వుల్లోనా?" అని మళ్లీ మళ్లీ అడిగాడు. చివరివాడు అంతా విని, "పొద్దుట్నుంచి ఏమన్నా తిన్నారా?" అన్నాడు. కొత్త వాచీ గురించి ఎవరూ అడగలేదు. అది ఇప్పుడు మా ఇంట్లో ఉంది. చేతికి పెట్టుకోకపోతే రెండు రోజులకు ఆగిపోతుందని షాపులో చెప్పారు. ఆగిపోయింది.

ఏడోవాడు వెళ్లాక ఏడుకొండలు ఫోన్ తీసి, నాకూ వినపడేలా పెట్టాడు.

"ఏరా జక్రయ్యా. సోమవారం పొద్దున వంతు ఖాళీగా ఉంది."

అవతలి నుంచి గాలి చప్పుడు మధ్య జక్రయ్య గొంతు వచ్చింది. "ఆయన అక్కడే ఉన్నాడా?"

"ఉన్నాడు. నీళ్ల దగ్గరే కూర్చున్నాడు."

"ఎక్కేటప్పుడు చూసుకుని ఎక్కమను బాబాయ్. ఆ కింది మెట్టు పాచి."